ఎడమచేతి సుత్తి

పొద్దుపోయాక ఆ బూట్ల దుకాణం వెనక గదిలోకి పిల్లి కూడా పోదు. ఎలకలు పిలిచినా సరే. పోయిన పెద్దాయన అక్కడ కూర్చుని ఇంకా సుత్తి కొడుతున్నాడని వీధంతా అంటుంది. మీరు నమ్మకపోతే మానేయండి... నేను కళ్ళారా చూశా.

గుండె నిబ్బరంలో ఎవరైనా నా తర్వాతే. ఒకసారి పులి ఎదురొస్తే, పాపం దారి తప్పిందని నేనే దగ్గరుండి సాగనంపా. అందుకే పెద్దాయన పిల్లలు, ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ, దుకాణం బండి తోలే నన్నే పిలిచారు.

సంగతేంటంటే — పెద్దాయన పోయాక కొట్టు ఇద్దరి చేతికీ వచ్చింది. అన్న బూట్లు కుడతాడు, చెల్లెలు అమ్ముతుంది. నాన్న కుట్టే మొనదేలిన కోసుమూతి బూట్లు ఎవరూ కొనట్లేదని, ఇకమీదట వెడల్పు మూతివే చేద్దామనుకున్నారు. అన్న పగలంతా కొత్త చెక్క అచ్చుల మీద తోలు బిగించేవాడు. తెల్లారేసరికి... ఆ తోలు పాత అచ్చుల మీద ఉండేది. మేకులన్నీ ఒకే పక్కకి వాలి.

పెద్దాయనది ఎడమచేతి వాటం మరి. ఆయన మేకు అలాగే వాలేది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే నా వాటా నాకిచ్చెయ్ అన్నయ్యా. కొట్టు రెండు ముక్కలు చేసుకుందాం," అంది చెల్లెలు. "నీకిష్టం లేకపోతే నాతో చెప్పొచ్చుగా. దెయ్యం మీదకి తొయ్యడమెందుకు?"

"నాన్న మీద ఒట్టే, నేను కాదు."

"చూశావా. మళ్ళీ నాన్నే."

అన్న నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, ఈ రాత్రికి కాపలా ఉండు. ఎవడొచ్చినా కట్టిపడెయ్. కొట్టు చీలిపోతే నేనేమైపోతానో నాకే తెలీదు."

"దెయ్యాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా," అన్నా. పెద్దాయనది బట్టతలని ఆ క్షణాన గుర్తు రాలేదు.

తోలు చుట్టల వెనక నక్కా. లైటు తీసేశా — భయపడి కాదు, దెయ్యం మొహమాటపడుతుందని.

తలుపు కిర్రుమంది.

అచ్చం పెద్దాయన నడకే... కుడికాలు ఈడుస్తూ. అదే దగ్గు. ఆ ఆకారం పెద్దాయన బల్ల ముందు కూర్చుంది. కొత్త అచ్చు మీది తోలు ఊడబెరికింది. ఎడమచేత్తో సుత్తి అందుకుంది. టక్... టక్...

"ఎన్నిసార్లు చెప్పాలిరా పెద్దోడా..." అని గొణిగింది. "మన బూటు మూతి అలా ఉండదు."

గొంతు కూడా పెద్దాయనదే.

తాడు నా చేతిలోనే ఉంది. నేనే చుట్టల వెనక ఇంకాస్త లోపలికి నక్కా.

ఇంతలో కిటికీలోంచి వెన్నెల ఆ మొహం మీద పడింది.

పెద్దాయన కాదు... పెద్దోడే. నన్ను కాపలా పెట్టిన అన్నే. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మంచి నిద్రలో ఉన్నాడు. పుట్టినప్పట్నుంచీ కుడిచేత్తో తప్ప సుత్తి పట్టనివాడు.

పనయ్యాక అలాగే నిద్రలోనే ఇంటికి నడిచిపోయాడు. తెల్లారింది. ఇద్దరూ వచ్చారు. వెడల్పు బూటు ఒక్కటీ మిగల్లేదు. చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు బాబాయ్?" అన్నాడు పెద్దోడు ఆత్రంగా. "దొరికాడా?"

నిజం చెప్తే చెల్లెలు వెళ్ళిపోతుంది. నాన్నే వచ్చాడంటే నమ్మదు, అయినా వెళ్ళిపోతుంది. పులిని సాగనంపినవాణ్ణి... తల దించుకుని తాడు చుట్ట చుడుతూ కూర్చున్నా.

"పోనీలే బాబాయ్," అని వాడు బల్ల వైపు కదిలాడు.

చెల్లెలు గబుక్కున నా భుజం పట్టుకుంది. "బాబాయ్... అన్నయ్య కాలికేమైంది?"

పట్టపగలు, ఇద్దరి కళ్ళెదుటా... కుడికాలు ఈడుస్తూ వెళ్తున్నాడు.