మార్చురీ పక్క గదిలో కంప్యూటర్

ఆ ఆసుపత్రిలో రోగులకి ఆపరేషన్ గదంటే భయం. పనిచేసేవాళ్ళకి మాత్రం ఒక్క గదంటేనే భయం... కింద అంతస్తు చివర, మార్చురీ గోడకి ఆనుకుని ఉన్న రికార్డుల గది.

శవాల వల్ల కాదు. శవాలు పాపం ఎవర్నీ ఏమీ అనవు.

ఆ గదిలో కంప్యూటర్లు చచ్చిపోతాయి.

నాలుగేళ్ళలో అయిదు పోయాయట. కొత్తది తెచ్చి పెడతారు. మూడు నెలలో, ఆర్నెల్లో బాగానే ఉంటుంది. ఏదో ఒక రాత్రి తెర నల్లబడుతుంది — ఇక లేవదు. మళ్ళీ సిస్టమ్ ఎక్కిద్దామని కూర్చున్న మెకానిక్కుల్లో పని పూర్తిచేసి లేచినవాడు లేడు. ఒకాయనైతే స్క్రూడ్రైవర్ కూడా వదిలేసి పరిగెత్తాడు. అది ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉంది. ఇంతవరకూ ఆయన అడగడానికి రాలేదు.

ఇదంతా నేను చూసింది కాదు. మా బావ చెప్పింది.

బావంటే మా అక్క మొగుడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు. మిషన్ విప్పితే పులి, లైటు తీసేస్తే పిల్లి. రాత్రి మంచినీళ్ళకి లేవాలన్నా మా అక్కని తోడు లేపుతాడు.

అలాంటి మనిషికి రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. మార్చురీ తాళాలు చూసుకునే ముసలాయన. అందరూ ఆయన్ని తాళాల పెద్దాయన అంటారు.

"బాబూ, మిషను పోయింది. పొద్దున్న అయిదింటికి ఒకాయన్ని ఇంటికి పంపాలి. కాగితం రావాలి."

"డిశ్చార్జా?" అన్నాడు బావ.

"ఒక రకంగా."

విషయం అర్థమయ్యాక బావ దుప్పటి మళ్ళీ కప్పుకోబోయాడు. మా అక్క లాగేసింది.

"వెళ్ళండి. బతికున్న కస్టమర్లే మిమ్మల్ని ఇంత ఏడిపిస్తున్నారు, పోయినవాళ్ళు కొత్తగా ఏం చేస్తారు?"

వెళ్ళాడు.

కింద వరండాలో బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై ఉంటాయి. ఒళ్ళో ఇస్త్రీ చేసిన చొక్కా. భర్త ఆ మధ్యాహ్నమే పోయాడు. సొంతూరు చాలా దూరం. అయిదింటికి వ్యాను బయల్దేరితే గానీ వేళకి చేరదు, అక్కడ చుట్టాలంతా ఎదురుచూస్తున్నారు. కానీ కంప్యూటర్లోంచి నంబరు వేసిన కాగితం రాకపోతే ఆ గేటు దాటి ఎవర్నీ పంపరు. చేత్తో రాసింది చెల్లదు — అది రూలు.

"అయిపోతుందా నాయనా?" అంది ఆవిడ.

"గంటలో అయిపోతుందమ్మా," అన్నాడు బావ. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

గదిలో ఒకటే బల్బు. మూల వరసగా అయిదు పాత కంప్యూటర్లు — తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. ఒక్కోదాని వైరుకి ఒక్కో చీటీ కట్టి ఉంది. పోయిన తేదీ. సమయం. కారణం... తెలియదు.

"ఇదేంటి బాబాయ్?"

"అలవాటయిపోయింది బాబూ," అన్నాడు పెద్దాయన. "ఈ గదిలో ఏది పోయినా చీటీ కట్టేస్తాను."

కరెంటు పోతే ఆదుకోవాల్సిన బ్యాటరీ డబ్బాకీ చీటీ ఉంది. అది రెండేళ్ళ క్రితమే పోయిందట.

రికార్డులన్నీ పై అంతస్తు మిషన్లో భద్రంగానే ఉన్నాయి. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కి మిషన్ లేస్తే చాలు. బావ డిస్కు పెట్టాడు. డ్రైవు తిరిగింది. తెర మీద నీలం గీత మెల్లగా పాకడం మొదలెట్టింది. పది... ఇరవై... ముప్పై ఏడు...

అప్పుడు గోడ అవతల నుంచి —

ఊఁఊఁఊఁ... అని ఒక మూలుగు.

బల్బు మసకబారింది. డ్రైవు కర్రుమంది. 'డిస్కులో ఫైలు చదవలేకపోతున్నాను' అని తెర మీద పడింది. అంతే, ఆగిపోయింది.

"బాబాయ్... ఆ మూలుగేంటి?"

పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. "ఏ మూలుగు?"

బావ చెమట తుడుచుకున్నాడు. డిస్కు మీద గీత పడిందేమో. బనీను అంచుతో తుడిచాడు, లాభం లేదు. రెండో డిస్కు తీశాడు — కొత్తది, ఒక్క మరక లేదు. నలభై... యాభై... అరవై ఒకటి...

ఊఁఊఁఊఁ...

మళ్ళీ కర్రు. మళ్ళీ అదే మాట.

సరే, డ్రైవే పాడయిందేమో. మూల ఉన్న శవాల్లో మూడోదాని దగ్గరికెళ్ళాడు. గుడ్డ తీసేముందు, తనకే తెలీకుండా, "ఏమనుకోకు" అన్నాడట. దాని డ్రైవు విప్పి తెచ్చి దీనికి బిగించాడు. కేబులు కూడా మార్చాడు. ఈసారి పన్నెండు దగ్గరే ఆగింది.

మెమరీ ముక్కలు రెండూ పీకాడు. వాటి కాళ్ళని రబ్బరుతో రుద్దాడు. ఒక్కటే పెట్టి చూశాడు. నలభై నాలుగు... ఊఁఊఁఊఁ... అది తీసి రెండోది పెట్టాడు. అదే వరస. హార్డు డిస్కుకి పరీక్ష పెట్టాడు. దానికి ఏ రోగమూ లేదంది.

తప్పు ఒక్కచోటే దొరికితే మిషన్లో ఉందనుకోవచ్చు. ఒకసారి పన్నెండు, ఒకసారి అరవై ఒకటి — ఇష్టమొచ్చిన చోట, ఆ మూలుగుతోపాటే వస్తుంటే?

"నా బుర్ర అప్పటికే అరికాళ్ళలోకి దిగిపోయిందిరా," అన్నాడు బావ నాతో.

రెండున్నరయింది. ఆ స్క్రూడ్రైవర్ వదిలేసినాయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. సంచీ సర్దుకోబోతుంటే, తలుపు దగ్గర పెద్దావిడ నిలబడి ఉంది.

"అవట్లేదా నాయనా?"

బావ తల దించుకున్నాడు. "నా వల్ల కావట్లేదమ్మా. నేను మెకానిక్కుని... అవతలి నుంచి ఎవరో..." గొంతు తగ్గించాడు. "ఎవరో ఒప్పుకోవట్లేదు."

ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆ గోడ వైపు చూసింది. తర్వాత వరండాలోకి వెళ్ళి, మార్చురీ తలుపు ముందు నిలబడి, వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు కొట్టింది.

"ఏమండీ..." అంది. గుసగుసగా. "పొద్దున్నే వెళ్ళాలి. అంతా వచ్చి కూర్చుంటారు. మీ తమ్ముడు సంగతి తెలుసుగా, ఆలస్యమైతే ఏడాదిపాటు దెప్పుతాడు. ఈ అబ్బాయి పని కాస్త కానివ్వండి."

బావ వీపు మీద రోమాలు లేచాయి. అయినా ఆవిడ ముఖం చూశాక సంచీ భుజానికి తగిలించుకోలేకపోయాడు. డిస్కు మళ్ళీ పెట్టాడు.

పన్నెండు... ముప్పై ఏడు... నలభై నాలుగు...

మూలుగు కోసం ఊపిరి బిగబట్టాడు.

అరవై ఒకటి... డెబ్బై...

రాలేదు.

తొంభై తొమ్మిది దగ్గర చాలాసేపు నిలబడింది. అది మామూలే, ఏ ఊళ్ళోనైనా అక్కడ నిలబడుతుంది. తర్వాత — వంద. మిషన్ లేచింది. నాలుగున్నరకి కాగితం కిర్రుకిర్రుమంటూ బయటికొచ్చింది. పెద్దావిడ రెండు చేతులతో అందుకుంది.

సంచీ సర్దుకుంటుంటే బావకి నిశ్శబ్దం తెలిసొచ్చింది. ఎంత నిశ్శబ్దమంటే... ఒక్కసారిగా నుదురు కొట్టుకున్నాడు.

"కంప్రెసర్! బాబాయ్, అవతల శవాల పెట్టెలకి చల్లదనమిచ్చే మోటారుంది కదా?"

"ఉంది."

"అది, ఈ మిషనూ ఒకటే లైను! అది అందుకున్నప్పుడల్లా ఇక్కడ కరెంటు పడిపోతోంది. డ్రైవు తడబడుతోంది. అదే మూలుగు! ముప్పై ఏళ్ళుగా వింటున్నారు కాబట్టి మీ చెవికి ఆనట్లేదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు — వేరే లైను వేయించండి, అంతే!"

ప్రాణం లేచొచ్చి పెద్దగా నవ్వాడట. ఆ నవ్వు వరండా చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"మంచిపని చేశారు బాబాయ్, ఇందాక ఆ మోటారు ఆపేసి," అన్నాడు.

పెద్దాయన మొలలో తాళాలు తడుముకున్నాడు.

"నేనెక్కడ ఆపాను బాబూ? దాని స్విచ్చి లోపలుంది. సాయంత్రం వేసిన తాళం... నేనింకా తియ్యలేదు."

ముగ్గురూ తలుపు దగ్గరికెళ్ళారు. పెద్దాయన తాళం తీశాడు. లైటు వేశాడు. పన్నెండు అరలూ మూసే ఉన్నాయి. గోడకి పెద్ద స్విచ్చి...

ఆపేసి ఉంది.

పెద్దాయన చెయ్యి స్విచ్చి వైపు వెళ్ళింది. పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి," అంది. "ఎంత, ఇంకో పావుగంట. ఆయనకి మొదట్నుంచీ చలి పడదు... రోజూ నేను ఫ్యాను వేసుకుని పడుకునేదాన్ని. తెల్లారి లేచేసరికి ఆపేసి ఉండేది."