రెండుసార్లు వెలిగే కిటికీ

జరగండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ వెనకాల కూర్చున్నవాళ్లూ, మీకే చెప్పేది! ఈ కథ వినేటప్పుడు వీపు వెనక మనిషి ఉండాలి గానీ ఖాళీ చోటు ఉండకూడదు. దేవుణ్ణి తలుచుకుని మొదలుపెడుతున్నాను. విన్నది విన్నట్టే చెబుతాను.

ఓ పరాయి దేశంలో, ఓడలు బాగుచేసే రేవు పక్కన, ఎత్తు మీదికి ఎక్కే సందు ఒకటుంది. ఆ సందు మలుపులో మేడమీద ఓ గది. మూడు నెలలుగా ఖాళీ. పొద్దుగూకితే ఆ మలుపులో ఎవరూ ఆగేవారు కాదు. ఎందుకంటే... ప్రతి శుక్రవారం ఆ కిటికీ వెలిగేది. రెండుసార్లు. అంతే — మళ్లీ చీకటి.

ఆ గదిలో ఉండి పోయినాయన సందు మొదట్లో బారు నడిపేవాడు. రేవులో పనిచేసే మనవాళ్లందరికీ ఆయన ‘బావ’. అందుకని ఆయన భార్య అందరికీ ‘అక్క’.

“పుట్టింట్లో ఒక్కత్తినే. ఇక్కడికొచ్చాక అరవై మంది తమ్ముళ్లు తగులుకున్నారు,” అని నవ్వేదావిడ.

బావకి ఓ చాదస్తం ఉండేది. ఎవడి కాళ్లు తేలిపోతున్నాయో చూసి, వాణ్ణి గదిదాకా దింపేవాడు. దింపి వచ్చేసేవాడా? లేదు, కింద వీధిలో నిలబడేవాడు. పైకి ఎక్కినవాడు లైటు రెండుసార్లు వేసి ఆర్పితే గానీ కదిలేవాడు కాదు. వానైనా సరే, మంచైనా సరే.

“వేశాను కదా బావా!” అని పైనుంచి ఒకడు అరిచేవాడు.

“నువ్వు నొక్కింది ఫ్యాను స్విచ్చురా వెధవా! పక్కది నొక్కు!”

సందు సందంతా నవ్వేది.

అలాంటి బావ ఓ శుక్రవారం గుండె బరువుగా ఉందని పెందలాడే బారు మూశాడు. అక్కకి ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ. అందుకని వెల్డరు తమ్ముణ్ణి పిలిచాడు. అరవై మందిలోకీ దగ్గరివాడు వాడే. ఆ గది రెండో తాళంచెవి కూడా వాడి దగ్గరే ఉండేది.

“ఇవాళ నన్ను నువ్వు దింపరా,” అన్నాడు.

తెల్లారి అక్క వచ్చేసరికి బావ మెట్ల మొదట్లో ఉన్నాడు... ఒళ్లు చల్లబడిపోయి.

వెల్డరు గుండెలు బాదుకున్నాడు. “పైకి ఎక్కాడక్కా! లైటు రెండుసార్లు వేశాడు, నా కళ్లతో చూశాను! మళ్లీ ఎందుకు దిగాడో...”

ఎందుకు దిగాడో అక్కకి తెలుసు. ఆ పొద్దున దుప్పట్లు ఉతికే మెషీను మొరాయించి ఆవిడకి రెండు గంటలు ఆలస్యమైంది. ఇంకా రాలేదేమిటని తనని వెతుక్కుంటూ దిగాడు. తన వల్లే పోయాడు. ఈ మాట ఆవిడ ఒక్క వెల్డరుతోనే చెప్పుకుంది. వాడు తల వంచుకుని విన్నాడు.

కిటికీ సంగతి తెలిసినప్పుడు అక్క భయపడలేదు. కానీ ఆలోచనలో పడింది. గది ఖాళీ చేసిన రోజు, అద్దె గదికి మన బల్బెందుకు వదలాలని తనే విప్పి తెచ్చుకుంది. మరి... బల్బు లేని గదిలో వెలుగెక్కడిది?

ఆయనే అయితే ఒక్కటే అడగాలి. నా కోసమే దిగారా?

ఆ శుక్రవారం దేవుడి పేరు జపించుకుంటూ మెట్లెక్కింది. ఒకటి... రెండు... పైన తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల —

టిక్. తలుపు సందులోంచి వెలుగు. టిక్. చీకటి. మళ్లీ టిక్... టిక్.

“ఏవండీ...” అంది గుసగుసగా.

లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు.

తలుపు తోసింది. గోడ తడిమి స్విచ్చు నొక్కింది.

వెల్డరు!

“నువ్వా?”

వాడు అక్కడికక్కడే కూలబడ్డాడు. “బల్బు నాదే అక్కా. తెచ్చి పెడతాను... వేసి ఆర్పి, మళ్లీ విప్పుకుపోతాను.”

“ఎందుకురా?”

“ఆ రోజు... నేను చూడలేదక్కా. మెట్ల దగ్గర వదిలేశాను. వాన పడుతోంది. మావాళ్లు కారులోంచి హారన్ కొడుతున్నారు, సినిమాకి టైమైపోతోందని. ‘ఎక్కుతాలే, లైటు చూసి వెళ్లరా’ అన్నాడు బావ. నేను... ఆగలేదు. చూశానని చెప్పింది ఇన్నాళ్లకైనా నిజం చేద్దామని —”

“అయితే ఆయన నా కోసం దిగలేదు.”

“అసలు ఎక్కనే లేదక్కా.”

ఆవిడకి ఏడుపు రాలేదు. “నీతో ఒక్కడితోనేగా చెప్పుకున్నాను, నా వల్లే పోయాడని! నా చేతి అన్నం తింటూ విన్నావే... కాదక్కా అని ఒక్క మాట రాలేదురా నీ నోట?”

“బల్బు విప్పు. ఆ తాళంచెవి కూడా ఇలా ఇయ్యి.”

కాలుతున్న బల్బుని కొంగుతో పట్టుకుంది. గదికి తాళం వేసింది. ఇద్దరూ కిందికి దిగారు.

“ఇక నీ గదికి వెళ్లు. నేనిక్కడ నిలబడతాను. ఎక్కాక లైటు రెండుసార్లు వెయ్యి.”

“అక్కా... క్షమించావా?”

“లేదు. ఆయన అలవాటు నా చేతుల్లో ఆగిపోకూడదు. నడువు.”

వాడి గది సందు దిగువన. అక్కడిదాకా ఆవిడ చూపు వాడి వీపు మీదే ఉంది. వాడు ఎక్కాడు. కిటికీ వెలిగింది. ఆరింది.

ఒకసారి.

ఆవిడ రెండోదాని కోసం చూసింది. చూస్తూనే ఉంది... చలి పాదాల్లోంచి మోకాళ్లదాకా పాకింది. రెండోది వెలగలేదు. మరిచిపోయాడో, దుప్పటి కప్పేసుకున్నాడో!

ఇక చాలనుకుని, మేడకి వీపు పెట్టి సందు దిగువకి కదిలింది. నాలుగు అడుగులు వేసిందో లేదో —

ముందున్న నేల మీద ఆవిడ నీడ పడింది. పొడుగ్గా. పోయింది.

మళ్లీ పడింది... పోయింది.

గుప్పిట్లో తాళంచెవి ఉంది. కొంగులో బల్బు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

“ఎక్కారా?” అంది మెల్లగా. “సరే... ఇక నేను వెళ్తాను.”

అమ్మలారా, అయ్యలారా! కథంతా మరిచిపోయినా ఈ ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. ఎవరినైనా ఇంటికి దింపితే, లోపల లైటు వెలిగేదాకా వీధిలో నిలబడండి. ఇవాళ ఇక్కణ్ణించి వెళ్తూనే చేయండి. రేపు ఇంకొకరికి చెప్పి చేయించండి. మీ కోసం కింద నిలబడ్డవాళ్లని ఆ దేవుడు చల్లగా చూడాలి.