ఎడమకి పోయే బాణాలు

ఆరు బాణాలూ బల్ల మీద పడేసి, ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నీ ఎడమకే పోతున్నాయి. ఎలా కోశారండీ వీటిని?"

అతను బాణాల కార్బన్ గొట్టాలు కోసే మిషన్ ఆపి, మాస్క్ కిందికి లాగాడు. కనుబొమల మీద కూడా నల్లటి పొడి. పాతకాలపు చెక్క విల్లుతో ఆడేవాళ్ళకి బాణాలు కోసి, సరిచేసి ఇవ్వడం అతని పని. మొన్న చలికాలంలో ఆమె తాడుని ఎంతవరకు లాగగలదో కొలిచి, వీటినీ తనే కోశాడు.

"నా కొలత తప్పదండీ."

"కోతలు కొయ్యడం మీకు అలవాటేగా."

అతనికి నవ్వొచ్చింది. కోపంగా ఉన్న మనిషి ముందు బాగోదని మాస్క్ మళ్ళీ పైకి లాక్కున్నాడు.

కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. షాపు వెనక మైదానంలోకి తీసుకెళ్ళి, ఈకలు లేని బాణం ఒకటి చేతికిచ్చాడు.

"ఈకలుంటే తప్పుని సర్దేస్తాయి. ఇదైతే ఉన్నదున్నట్టు చెబుతుంది."

ఆమె లాగింది. ఎప్పుడూ పెదవి చివరిదాకా వచ్చే వేళ్ళు ఈసారి ముందే ఆగిపోయాయి. బాణం ఎడమకి పోయి గుచ్చుకుంది.

"పూర్తిగా లాగట్లేదు మీరు. తక్కువ లాగితే గొట్టం సరిగ్గా వంగదు. వంగనిది పక్కకి పోతుంది."

"నాకు విల్లు పట్టడం నేర్పుతారా?" ఆమె మొహం గంటు పెట్టుకుంది.

అతను వాదించలేదు. ముందు వైపు బరువు పెరిగితే గొట్టం ఇంకాస్త వంగుతుందని బరువైన మొనలు బిగించాడు. బాణాలు దారికొచ్చాయి.

"పర్వాలేదు, కోతల మేస్త్రీ," అంది.

ఆ పేరు అతికిపోయింది. తర్వాత ఆమె పని లేకపోయినా వచ్చేది. వాన పట్టుకుంటే గుమ్మంలో కూర్చుని, అతని తల్లితో పాటు బాణాలకి ఈకలు అంటించేది. అతను తననే చూస్తూ దొరికిపోతే తలెత్తకుండానే, "మిషన్ వైపు చూడండి, వేలు తెగుతుంది," అనేది.

వానలు తగ్గకముందే బాణాలు మళ్ళీ ఎడమకి తిరిగాయి. ఇంకా బరువైన మొన వేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే వరస. అంతకన్నా బరువైనది అతని దగ్గర లేదు.

"ఆ పిల్ల ఈకలు కూడా జారవిడుస్తోందిరా," అంది తల్లి, లోగొంతుకతో.

"చెయ్యి డాక్టరుకి చూపించారా?" అని ఆమెని అడిగాడు అతను.

ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది.

"మొదటిసారి గొడవకి వచ్చానే, దానికి ముందే చూపించాను. నరాలు చచ్చిపోతున్నాయట. ముందు చేతులు, తర్వాత కాళ్ళు. మందు లేదన్నారు. బాణాలే తప్పుగా కోశానని మీరంటే బాగుండుననిపించింది. అందుకే వచ్చాను."

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకో," అన్నాడు. ఆమెని నువ్వు అనడం అదే మొదలు.

"జాలా?"

"అంత మంచివాణ్ణి కాదు. నువ్వు రాని రోజు కోసినవన్నీ పాడవుతున్నాయి."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

ఆమె తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ బట్టలతోనే కూర్చుని అంతా విన్నాడు.

"రేపు దాన్ని నువ్వే ఎత్తి పడుకోబెట్టాలి బాబూ. అదెంత కష్టమో నీకు తెలీదు."

"తెలీదండీ. నేర్చుకుంటాను."

ఆయన కుర్చీ అతని దగ్గరికి లాక్కున్నాడు. "విసుగు రాకుండా ఉండదు. వచ్చిన రోజు దాని మీద చూపించకు. నా దగ్గరికి వచ్చి తిట్టిపో," అన్నాడు. పెళ్ళికి ఆయన ఒప్పుకున్న తీరు అది.

పెళ్ళయ్యాక అతను తేలికైన విల్లొకటి తెచ్చాడు. గొట్టాలు పొడుగ్గా ఉంటే తేలిగ్గా వంగుతాయని, సన్నటివి తెచ్చి కొయ్యకుండా వదిలేశాడు. వాటితో ఆమె ఇంకో చలికాలం వేసింది.

ఒక ఉదయం మైదానంలో తాడు కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించింది. తర్వాత విల్లు అతని చేతికిచ్చి, కుర్చీలో కూర్చుంది.

"నువ్వు వెయ్యి."

అతను వేశాడు. బాణం గురి దాకా కూడా పోకుండా గడ్డిలో దూరింది. అతను ఇంకొకటి తాడుకి తగిలించాడు.

"మోచెయ్యి పడిపోతోంది," అంది వెనకనుంచి. "ఎత్తు."

ఎత్తాడు.

"ఇంకా."

కళ్ళు మసకబారి గురి కనపడటం లేదు. అయినా లాగి పట్టుకున్నాడు.

"ఊ. ఇప్పుడు వదులు."