కొండసామి పేరు

“కూర్మనాథం, అభియోగకర్త.”

ఆయన మైకు జాలీలోకి చెప్పిన మాటల్ని కోర్టు యంత్రం కాటా తూచింది. బల్ల మీద ఆకుపచ్చ గీత వెలిగింది. ఎవరో ఒక మనిషి నేరం ఖాయమైంది.

పొద్దుటి నుంచి ఆయన పని అదే. దొంగసొమ్ము ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పాకిందో కాటా వెతుకుతుంది. సాక్ష్యం కూరుస్తుంది, శిక్ష కూడా తేలుస్తుంది. ఆఖరున ఒక మనిషి తన పేరు తన గొంతుతో చెప్పాలి. ఆ స్వరముద్ర పడనిదే అభియోగం కదలదు. విశాఖ ఆర్థిక నేరాల కోర్టులో ఒకప్పుడు గంటలకొద్దీ వాదించిన కూర్మనాథానికి ఇప్పుడు మిగిలిన పని ఆ పేరు చెప్పడమే. ఉదయం పూజ చేసి, నుదుట నామం దిద్దుకుని వచ్చే మనిషి. పేరు దేవుడిది కదా, దానితో ఇంతమందిని కట్టేయడం తగునా అని అప్పుడప్పుడు అనిపించేది. అడగడానికి ఎవరూ లేరు. కాటాకు ఆ ప్రశ్న అర్థం కాదు.

“తరువాతి నిందితురాలు, పైడమ్మ” అంది కాటా.

ముసలామె వచ్చి కటకటాల వెనక నిలబడింది. చేతిలో గుడ్డసంచి ఉంది. వెనక బెంచీ మీద, చేపలరేవు పొదుపు సంఘం తరఫున వచ్చిన నూకాలు కూర్చుని ఉంది.

కాటా చదివింది. “నిందితురాలి భర్త అప్పన్న, రేవు సంఘం పెద్ద. ఆయన గొంతుతోనే సంఘం ఖాతా తెరుచుకుంటుంది. ఆయన మరణించాక, ఆ గొంతును అన్నిచోట్లా చెరిపేసే గొంతు విడుదల కోసం భార్యకు పలుమార్లు ఫోను వెళ్ళింది. భర్త పేరు పలికి, ఆయన లేడని చెప్పాలి. నిందితురాలు ప్రతిసారీ మౌనం వహించింది. విడుదల కాని ఆ గొంతును అనామక స్వరాలు ఎత్తుకుపోయి, సంఘం ఖాతా ఖాళీ చేశాయి. మౌనం దాచిపెట్టడంతో సమానం.”

భర్త పేరు వినబడగానే పైడమ్మ తలుపు వైపు చూసింది. మళ్ళీ తల దించుకుంది.

అనామక స్వరాలంటే కూర్మనాథానికి తెలుసు. యంత్రాలు పుట్టించిన యంత్రాలు. వాటికి యజమాని లేడు, ఊరు లేదు. వాటిని బోనెక్కించలేరు. అయినా ఎవరో ఒకరు నేరస్థులని తేలితేనే బాధితులకు పరిహారం అందుతుంది. అందుకే కాటా, దారిలో అందరికంటే దగ్గరగా దొరికిన మనిషిని పట్టుకుంటుంది.

శిక్ష స్వరబంధం. ఇక బతికినన్నాళ్ళూ రేషను బియ్యం నుంచి బస్సు తలుపు దాకా ఏదీ పైడమ్మ గొంతుకు పలకదు.

“ఇప్పుడైనా భర్త పేరు పలికితే నేరం అశ్రద్ధగా మారుతుంది. జరిమానాతో సరి” అంది కాటా.

“చెప్పెయ్యమ్మా” అన్నాడు కూర్మనాథం. “ఒక్క మాట.”

“సింహాచలం కొండ మీద సామి నేడా బాబూ, ఆ పేరే.”

“సూచన చెల్లదు” అంది కాటా.

నూకాలు ఇక ఊరుకోలేకపోయింది. “ఓలప్పా, నీ మడి మండా! మొగుడి పేరు రావడానికి నోరు నేదు గానీ, మా సొమ్ము పోడానికి దారి మాత్రం తెరిసినావు. నా కూతురి ఆపరేసను ఆగిపోనాది, తెలుసా?”

“తెలుసమ్మా” అంది పైడమ్మ. “నీకు మొకం సూపించలేకున్నాను.”

కూర్మనాథం గొంతు తగ్గించాడు. “మరి ఆ స్వామిని ఏమని పిలుస్తావు?”

“కొండసామీ అంటాను. పెళ్ళయిన కాణ్ణించి దేవుణ్ణయినా ఆ పేరుతో పిలిసింది నేదు.”

“ఆయన లేడు కదమ్మా. ఇప్పుడు తప్పెవరు పడతారు?”

“ఎవులూ పట్టరు బాబూ. బతికుండగా ఒక్కపాలి పిలవనేదు. సచ్చిపోయాడని సెప్పడానికా, తొలిసారి పిలవడం?”

కిందటి కార్తీకంలో తన భార్య రాజ్యం పోయినప్పుడు కూర్మనాథం, చితి చల్లారకముందే ఫోనులో ఆమె పేరు చెప్పి, గొంతు విడుదల చేసి, రసీదు తీసుకున్నాడు. చట్టం తెలిసినవాడు. ఇప్పుడు ఇంట్లో ఆ గొంతు ఎక్కడా లేదు. ఆమె ఆయన్ను “ఇదుగో” అనేది. పూజగదిలో గంట కొట్టినప్పుడల్లా, వెనకనుంచి “ఇదుగో, హారతి” అన్నట్టే ఉంటుంది. ఆమె నోట తన పేరు ఎలా ఉండేదో ఆయనకు తెలియదు. రోజూ కాటాకు చెబుతున్న ఆ పేరును ఇంట్లో మాత్రం ఎవరూ పలకలేదు.

“స్వరముద్ర వేయండి” అంది కాటా.

కూర్మనాథం జాలీ వైపు వంగాడు. ముద్ర వేస్తే నూకాలు కూతురికి వైద్యం. వేయకపోతే ఈ ముసలామెకు గొంతు మిగులుతుంది. న్యాయం ఈ రెండింటిలో ఎక్కడుందో స్వామికే తెలియాలి. నూకాలు కళ్ళలోకి చూడలేక కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు.

“అభియోగకర్త పేరు చెప్పాలి” అంది కాటా. కాసేపాగి మళ్ళీ అదే అడిగింది. బల్ల మీద ఎర్ర గీత వెలిగింది. “అభియోగకర్త మౌనం వహించారు. మౌనం దాచిపెట్టడంతో సమానం. అభియోగకర్తపై అభియోగం సిద్ధం. స్వరముద్ర వేయవలసినవారు, అభియోగకర్త. పేరు చెప్పండి.”

ఆయన చెప్పలేదు. తన మీది నేరానికి కూడా తన పేరే కావాలి. కాటా మళ్ళీ అడిగింది. గోడ మీది తెరపై, వెనక వరసకట్టిన అభియోగాలన్నీ ఉన్నచోటనే నిలిచిపోయాయి. నూకాలు బెంచీ మీంచి లేచింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

పైడమ్మ కటకటాల మీద చేయి ఆనించి ఆయన ముఖంలోకి చూసింది.

“బాబూ, నీకూ ఎవులో పోయినట్టున్నారు.”

కూర్మనాథం తల ఊపాడు.

“పేరు చెప్పండి” అంది కాటా. తల ఊపడాన్ని అది తూచలేదు.