ఒడ్డున ఆరో జత

దేశంగాని దేశంలో, బహ్లా అనే ఎడారి ఊళ్లో బావులు తవ్వే కంపెనీలో నేను వంట చేసేదాన్ని. మా ఆయన భూమయ్య అక్కడే మేస్త్రీ. ఆ ఏడు ఫోర్‌మన్ ఉద్యోగానికి ఆయనకు మూడు పరీక్షలు పెట్టారు. మొదటిరోజు నక్షా ముందేసి కొలతలు అడిగారు. రెండోరోజు పంపు ఇంజను విప్పించి మళ్లీ బిగించమన్నారు. రెండూ గట్టెక్కాడు. మూడోది బావి దగ్గర. అదీ నెగ్గితే మాకు రూమ్ ఇస్తారు. లేకపోతే నన్ను ఊరికి పంపేస్తారు.

అది అంతకుముందు మా ఆయన దోస్తు గంగన్న చేసిన ఉద్యోగం. బావిలోకి దిగేవాళ్లు చెప్పులు ఒడ్డున విడుస్తారు. ఒక్క జతా మిగలలేదంటే అందరూ పైకొచ్చినట్టే. అప్పుడు అడుగు బండ పగలడానికి మందు తోటాలు పేలుస్తారు. మూడు నెలల కింద నా చెప్పు పట్టీ తెగింది. ఇసుక కాలిపోతోంది. గంగన్న తన చెప్పులు నా ముందు విడిచాడు.

"ఇవి తొడుక్కపో వదినా. నీ పట్టీ నేను కుడత."

నా చెప్పులు నడుములో చెక్కుకుని బావిలోకి దిగాడు. ఒడ్డున అతని జత లేదు. చాయ్‌కి పోయాడనుకుని మా ఆయన తోటాలు పేల్చే మీట నొక్కాడు.

శవం దొరికింది. నా చెప్పులు దొరకలేదు. అతని చెప్పులు నా పెట్టెలో ఉన్నాయని ఎవరికీ చెప్పలేదు.

మూడో పరీక్షకు మిట్టమధ్యాహ్నం చాయ్ తీసుకెళ్లాను. బావిలోంచి తడి మట్టి వాసన, కాలిన మందు వాసన. ఐదుగురు దిగారు. ఐదుగురూ ఎక్కి చెప్పులు తొడుక్కున్నారు. కానివ్వమన్నాడు పెద్ద సాబు.

మా ఆయన మీట మీద చెయ్యేసి ఆగిపోయాడు.

ఒడ్డున ఇంకో జత...

ఆడవాళ్ల చెప్పులు.

"లోపల ఎవరో ఉన్నరు సార్," అన్నాడు మెల్లగా.

ఎవరూ లేరని ఐదుగురూ చెప్పారు. పేల్చకపోతే ఉద్యోగం లేదన్నాడు సాబు. ఆయన మీట మీంచి చెయ్యి తీసేశాడు. సాబు కాగితం మీద గీత కొట్టి జీపెక్కాడు.

అందరూ పోయాక పెట్టెలోంచి గంగన్న చెప్పులు తెచ్చి ఒడ్డున పెట్టాను. జరిగిందంతా చెప్పాను. మా ఆయన తిట్టలేదు.

"మూడు నెలల సంది నేనే లెక్క తప్పిన అనుకుంటున్ననే," అని కూలబడ్డాడు.

చుట్టూ రాళ్లు కాలుతున్నాయి. ఆ ఆరో జత చేతిలోకి తీసుకున్నాను. నా చెప్పులే, చల్లగా, తడిగా తగిలాయి. తెగిన పట్టీ కుట్టి ఉంది. తోటాలకు కట్టే రాగి తీగతో... దగ్గర దగ్గరగా, ఓపికగా.

తీగ కొస ఇంకా తెంపలేదు. ఒడ్డు దాటి బావిలోకి దిగి ఉంది.

బిగువుగా...