ఊదారంగు పోగులు

"టీచర్! దొరికింది! కాలవ నిండా ఊదారంగు ప్లాస్టిక్కే!"

మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే అరిచింది పిచ్చుక. ఎప్పుడూ నోరు మూతపడదని క్లాసంతా కలిసి ఆ పిల్లకు పెట్టిన పేరది.

స్కూలు వెనక కాలవ నుంచి తెచ్చిన నీటిచుక్కలో సన్నటి పోగులు మెలికలు తిరిగి ఉన్నాయి. వాటి మధ్య ఆవగింజంత కూడా లేని నీటిపురుగులు హుషారుగా ఈదుతున్నాయి.

"పాపం, తిండి అనుకుని వీటినే మింగేస్తాయి" అన్నారు సైన్స్ టీచర్. "సరే, ఆ పక్క గిన్నె కూడా చూశావా?"

పక్క గాజుగిన్నెలో ఉన్నవి వడకట్టిన నీళ్లు. గాల్లోంచి ఏమైనా పడుతుందేమో చూడటానికి పొద్దున్నుంచీ మూత లేకుండా అక్కడే ఉంచారు.

"అవి మంచినీళ్లే కదా టీచర్, అందులో ఏముంటుంది? ఇది ఎవరి పనో నాకు తెలుసు. కాలవ పక్కన బట్టలకు రంగులేసే షాపు ఉందిగా, బొద్దు వాళ్ల నాన్నది! గేటు దగ్గర చార్టు పెట్టి అందరికీ చెప్పేద్దాం!"

అందరూ గిరుక్కున వెనక బెంచీలో కూర్చున్న బొద్దు వైపు తిరిగారు. వాడి మొహం చిన్నబోయింది.

"మా నాన్న కాలవలో ఏమీ పారెయ్యడు" అని గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

"ముందు గిన్నె, తర్వాతే చార్టు" అన్నారు టీచర్.

లంచ్ బెల్ కొట్టారు. రోజూ తన డబ్బా ఖాళీ చేసి పక్కవాళ్ల డబ్బాల్లోకి తొంగిచూసే బొద్దు, ఆ రోజు మూతే తియ్యలేదు.

గిన్నె పని అయిపోతే చార్టు రాసుకోవచ్చని పిచ్చుక ఒక్కతే ల్యాబ్‌కు పరుగెత్తింది. గిన్నెలోంచి ఒక చుక్క తీసి చూసింది. అందులోనూ ఊదారంగు పోగులే! మెల్లగా తన చేతుల వైపు చూసుకుంది. కొత్త స్వెటర్. ఊదారంగు. నూగునూగుగా పోగులు రాలుతున్న స్వెటర్.

ఆ నీళ్లు సింకులో పారబోస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి గిన్నె దాకా వెళ్లింది కూడా. కానీ మూత తియ్యని ఆ డబ్బా గుర్తొచ్చింది. గిన్నె అక్కడే వదిలి బొద్దు దగ్గరికి వెళ్లింది.

"ఒరేయ్, ఆ పోగులు మీ షాపువి కావురా. నా స్వెటర్‌వి. సారీ."

"నిజంగానా?"

"ఒట్టు! కావాలంటే వచ్చి చూడు."

క్లాసు మొదలవగానే అందరి ముందూ అదే మాట చెప్పింది. చెవులు ఎర్రబడ్డాయి, అయినా మొత్తం చెప్పింది.

"స్వెటర్‌దీ ప్లాస్టిక్ దారమే. ఉతికినప్పుడల్లా ఇలాంటి పోగులు నీళ్లలోకి పోతాయి" అన్నారు టీచర్. "రేపు మళ్లీ చూద్దాం."

మర్నాడు పిచ్చుక అన్నయ్య పాత నూలు చొక్కా తొడుక్కుని, చేతులు పైకి మడిచి వచ్చింది. ముందు గిన్నె చూసింది. శుభ్రంగా ఉంది. తర్వాత కాలవ నుంచి కొత్తగా తెచ్చిన నీటిచుక్క చూసింది. ఊదారంగు జాడే లేదు. కానీ ఒక నీటిపురుగు పొట్టలో ఆకుపచ్చ ముక్క ఒకటి మెరుస్తోంది.

"ఏదో ఉంది టీచర్!"

పిల్లలంతా మూగారు. "ఎవరిదే అది? ఎవరు పారేశారు?"

పిచ్చుక నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"తెలీదు. ఇంకా చూడాలి" అంటూ స్టూలు మీద పక్కకు జరిగి బొద్దుకు చోటిచ్చింది.