కవిటి మావకి ఒక బొండం

"జగదీష్ లోపల. యుగంధర్ బయట."

ఆ నాలుగు మాటలూ చెప్పి ప్రమోదిని టీ కప్పు అందుకుంది. టెక్కలి గెస్ట్‌హౌస్‌లో ఉదయం ఏడున్నర. ఆర్థిక నిఘా విభాగానికి ఆమె చీఫ్. ఆమె నోట ఒకసారి మాట వచ్చిందంటే దానికి అప్పీలు లేదు.

యుగంధర్ కడుపు భగ్గుమంది. పదకొండేళ్ళ సర్వీసులో ఇది ఎన్నోసారో అతనికి బాగా గుర్తు. సింగపూర్ ఆపరేషన్‌లో జగదీష్ హోటల్ లోపల, తను పార్కింగ్‌లో. దుబాయ్‌లో జగదీష్ పడవలో, తను ఒడ్డున. పతకం జగదీష్‌కి, జలుబు తనకి. ఇద్దరిదీ ఒకే బ్యాచ్, ఒకే ర్యాంకు. జగదీష్‌ది హైదరాబాద్. మనిషి ఆరడుగులుంటాడు, చొక్కా ఎప్పుడూ నలగదు. ఎంత పరిగెత్తినా చెమట పట్టదు, అన్నిటికంటే అదే యుగంధర్‌కి ఒళ్ళుమంట.

"ఇది ఉద్దానం మేడమ్," అన్నాడు ఉండబట్టలేక. "నేను పుట్టిన నేల. ఇక్కడైనా నన్ను లోపల..."

"అందుకే బయట. నువ్వు కొబ్బరి బొండాల బండి దగ్గర నిలబడితే ఎవరూ రెండోసారి చూడరు. జగదీష్‌ని నిలబెడితే పెళ్ళికొడుకు ఎండలో ఎందుకున్నాడని జనం పోగవుతారు."

తనూజ నవ్వింది. నవ్వితే ఫరవాలేదు, జగదీష్ వైపు తిరిగి నవ్వింది. యుగంధర్ అది చూశాడు. ఆమె ఎటు తిరిగి నవ్వుతుందో చూడటమే రెండేళ్ళుగా అతని రెండో ఉద్యోగం.

తనూజ డబుల్ ఏజెంట్. 'గ్రే హెరాన్' అనే విదేశీ ముఠాలో పనిచేస్తూ దాని గుట్టు ఈ విభాగానికి చేరవేస్తుంది. సొంతూరు కవిటి అని ఆమె ఫైల్లో ఉంది. "మా నాన్న కిడ్నీ జబ్బుతో పోనాడు మేడమ్. ఆ మట్టికి ఏదైనా సెయ్యాల," అని ఆమె కన్నీళ్ళు పెట్టుకున్న రోజే ప్రమోదిని ఆమెను చేర్చుకుంది. ఆమె కట్టుకున్నది నూలు చీరే అయినా కట్టు సినిమా తారది.

"బ్రీఫింగ్ వినండి," అంది ప్రమోదిని. "టార్గెట్, కళింగ వేఫర్‌టెక్. చిప్‌లు తయారుచేసే యంత్రాలు తయారుచేస్తుంది. సిలికాన్ పలక మీద కంటికి ఆనని గీతలు చెక్కే మిషన్ మన దగ్గర వీళ్ళొక్కరే చేస్తారు. ఈ రోజు వాళ్ళ వార్షిక ఫలితాలు. నష్టం తప్పదని మార్కెట్ అంతా నమ్ముతోంది, షేరు నేలమట్టంగా ఉంది. రెండున్నరకు బోర్డు వీడియోలో కూర్చుని ఫలితాలు ఆమోదిస్తుంది. ఫైనాన్స్ చీఫ్ తారకేశ్వరరావు డిజిటల్ సంతకం పెడతారు. మూడున్నరకు మార్కెట్ మూస్తారు. మూడు నలభైకి ప్రకటన."

"మూడున్నరలోపు పొక్కితే?" జగదీష్ అడిగాడు.

"ఫలితం బాగుందని ఖాయంగా తెలిస్తే చాలు. గ్రే హెరాన్ మనుషులు కంప్యూటర్ల ముందు మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. చవగ్గా పడున్న షేర్లన్నీ ఆఖరి నిమిషంలో ఊడ్చేస్తారు. రేపటికి కంపెనీ వాళ్ళది, నెల తిరిగేసరికి మిషన్ వాళ్ళ దేశంలో."

తారకేశ్వరరావుది కవిటి. ఉద్దానంలో ఇంటికొకరిని పట్టుకున్న జబ్బే ఆయన్నీ పట్టుకుంది. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆ రోజు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి ఐదింటి దాకా ఆయన మిషన్ మీదే ఉంటారు, సంతకమూ అక్కడి నుంచే.

"వాయిదా వేసుకోలేరా సార్?" అని జగదీష్ స్పీకర్ ఫోన్లో అడిగాడు.

"బోర్డు మీటింగయితే వాయిదా ఏసుకోవచ్చు బాబూ. దీన్ని వాయిదా ఏత్తే రేపు నన్ను నలుగురు మోసుకెల్లాల," అంది ఫోన్లో గొంతు.

అందరూ నవ్వారు. యుగంధర్ నవ్వలేదు.

ప్లాన్ తేలిగ్గానే ఉంది. తనూజ ఆయన మేనకోడలిగా మంచం పక్కన కూర్చుంటుంది. జగదీష్ టెక్నీషియన్ వేషంలో గదిలో ఉంటాడు. గదిలోకి ఫోన్ వెళ్ళదు, వాచీ వెళ్ళదు, పెన్ను కూడా వెళ్ళదు. ఆసుపత్రి చుట్టుపక్కల మొబైల్ నెట్ ఒంటి గంట నుంచి బంద్. మాట్లాడుకోవడానికి ప్రమోదినికి, జగదీష్‌కి, యుగంధర్‌కి మాత్రం వాకీటాకీలు.

యుగంధర్ వాకీటాకీ బొండాల కింద ఉంది. లుంగీ, తలగుడ్డ, చేతిలో కత్తి. మే నెల ఎండ నెత్తి మీద కూర్చుంది. బండి దగ్గర నుంచి మొదటి అంతస్తు కిటికీ స్పష్టంగా కనిపిస్తోంది. కిటికీలో తనూజ జగదీష్ కాలర్ సర్దింది. కాలర్ సర్దడం మిషన్‌లో లేదు. యుగంధర్ కత్తి ఎత్తి వేసిన వేటుకు బొండం రెండు చెక్కలై నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయి.

"ఏటి బావా," అన్నాడు కొనడానికి వచ్చిన ఆటో అతను, "బొండం మీద నీకేటి కోపం?"

రెండుంబావుకి తనూజ కిందికి వచ్చింది.

"బావా, లేతది ఒకటి కొట్టు."

అక్కడ కూరగాయల మనిషిని బావా అంటారు, కండక్టర్ని బావా అంటారు. అది పిలుపే గాని వరస కాదని యుగంధర్‌కి తెలియనిది కాదు. అయినా గుండె ఒక చప్పుడు ఎక్కువ కొట్టుకుంది. వెంటనే కుళ్ళు కూడా తన్నుకొచ్చింది.

"జగదీష్‌కా?"

తనూజ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత తీయగా నవ్వింది.

"ఆడికా? ఆడికి నానెందుకు తెత్తాను? మావకి. పాపం, నోరు పిడచకట్టుకుపోతందంట."

జగదీష్‌కి కాదు! యుగంధర్ ప్రాణం లేచొచ్చింది. గెలలన్నీ వెతికి, మీటి చూసి, ఉన్నవాటిలో నంబర్ వన్ బొండం తీసి ముద్దుగా చెక్కి ఇచ్చాడు. స్ట్రా ఇవ్వబోతే తన దగ్గర ఉందంది. అదీ అలాంటి తెల్ల స్ట్రానే. ఆమె వెళ్ళాక అతను కూనిరాగం కూడా తీశాడు.

మూడూ ఎనిమిదికి వాకీటాకీ గరగరమంది. "సంతకం పడింది. లాప్‌టాప్ సీల్. ఆపరేషన్ క్లీన్," అన్నాడు జగదీష్, పతకం అప్పుడే మెడలో పడ్డట్టు. రెండు నిమిషాల్లో తనూజ ఖాళీ బొండం పట్టుకుని బయటికి వచ్చింది. బండి పక్కన డొప్పలు ఎత్తుకెళ్ళే ట్రాలీ ఆటో ఆగి ఉంది. బొండం అందులోకి విసిరి, "సల్లగుంది బావా," అని, జగదీష్ తలుపు తెరిచి పట్టుకున్న కారెక్కింది. కారు టెక్కలి వైపు పోయింది. ట్రాలీ మందస వైపు పోయింది. యుగంధర్ కళ్ళు మాత్రం కారునే పట్టుకుని పోయాయి.

"ఆ బండి కాత్త అవతలికి జరుపు బాబూ."

చూస్తే ఒక ముసలామె, రత్నాలమ్మ. భర్త పై అంతస్తు వార్డులో ఉన్నాడు. పొద్దుటి నుంచి ఆమె మెట్ల మీదే కూర్చుని ఉంది.

"ఏటయింది అమ్మా?"

"మా ముసలోడు కిటికీలోంచి నీ బండి సూసి బొండం బొండం అని పేణం తీత్తన్నాడు. ఇత్తే గుండాగిపోద్ది, ఇవ్వకపోతే సిన్నపిల్లోడినాగ ఏడుత్తన్నాడు. ఆడికి అగుపడకుండా జరుపు నాయనా, నీకు పున్నెముంటాది."

యుగంధర్ చేతిలో కత్తి ఆగిపోయింది.

అతని తండ్రి అసిరయ్య జీవితమంతా కొబ్బరి చెట్లెక్కాడు. ఆఖరి నాలుగేళ్ళు డయాలసిస్ మీద బతికాడు. ఆ నాలుగేళ్ళూ తల్లి బొడ్డమ్మ ఇంట్లో బొండం కనపడనివ్వలేదు. పోయే ముందురోజు "ఒక్క గుక్కరా" అని తండ్రి చేతులు పట్టుకుంటే తను పెరట్లోకి పారిపోయాడు. కిడ్నీ మనిషికి బొండం ఇవ్వకూడదని కవిటిలో బడికెళ్ళని పిల్లకి కూడా తెలుసు. తండ్రిని అదే జబ్బుతో పోగొట్టుకున్నానన్న కూతురు మావకని బొండం కొట్టించుకుంది. తను, అసిరయ్య కొడుకు, జగదీష్‌కి కాదన్న సంబరంలో ఏరి మరీ ఇచ్చాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

వాకీటాకీ అందుకున్నాడు. "మేడమ్, తనూజ కవిటి మనిషి కాదు. ఫైలంతా అబద్ధం. ఆమె వాళ్ళ మనిషే."

"ఆధారం?"

"బొండం మేడమ్. డయాలసిస్ గదిలోకి బొండం తీసుకెళ్ళింది. ఇక్కడి వాళ్ళెవరూ..."

"ఇప్పుడు ఆమె ఎవరితో ఉంది?"

"జగదీష్‌తో."

"అదీ సంగతి," అంది ప్రమోదిని. "నీ కుళ్ళు మన ఆఫీసులో ప్యూన్‌తో సహా అందరికీ తెలుసు. ఎండలో ఉన్నావు, నీళ్ళు తాగు." కట్ చేసింది.

మూడూ పదిహేడు. నిజంగానే కుళ్ళేనా? ఆమె తన కాలర్ సర్ది ఉంటే ఈ అనుమానం వచ్చేదా? వచ్చేది కాదని తనకే తెలుసు. ఆ ఆలోచన అతన్ని సూదిలా పొడిచింది. కానీ లోపలికి ఏదీ వెళ్ళని గదిలోకి బొండం ఒక్కటే వెళ్ళింది, అందులో ఆమె సొంత స్ట్రా ఉంది, అది స్క్రీన్‌కి ఎదురుగా గంట సేపు ఉండి ఉంటుంది. ఆ స్ట్రాలో కెమెరా ఉండాలి. పైగా రోజూ డొప్పలు తీసుకెళ్ళే చిన్నారావు ఈ రోజు రాలేదని పక్క కొట్టువాడు అన్నాడు. ట్రాలీ తోలినవాడి ఖాకీ చొక్కా మీద ఇంకా కొత్త మడతలున్నాయి.

బొండానికని అప్పుడే మోటార్‌సైకిల్ దిగినవాడి చేతిలోంచి తాళం లాక్కుని, "తర్వాత తిట్టు బావా!" అని ఎక్కేశాడు. కత్తి చేతిలోనే ఉండిపోయింది.

జీడితోటల మధ్య రోడ్డు. బైక్ గొంతు చించుకుంటోంది. నెట్ ఉన్న చోటు దొరకగానే వాడు పని కానిచ్చేస్తాడు. సుమ్మాదేవి దగ్గర రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి కదలనా వద్దా అన్నట్టు పోతోంది. గేటు ముందు ట్రాలీ ఆగి ఉంది. మూడూ ఇరవై ఏడు.

ఖాకీ చొక్కావాడు ట్రాలీలోకి ఎక్కి డొప్పలు ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. రెండు వందల ఖాళీ బొండాలు, సగానికి పైగా తెల్ల స్ట్రాలతో. యుగంధర్ అటు నుంచి దూకి తనూ తిరగేయడం మొదలెట్టాడు. వాడు ఏ గుర్తు కోసం చూస్తున్నాడో యుగంధర్‌కి రెండో బొండం దగ్గరే అర్థమైంది. లిప్‌స్టిక్. ఎరుపు కాదు, గులాబీ కాదు, ఆ రెండింటి మధ్య రంగు. ఆ రంగు రెండేళ్ళుగా ఎవరెవరి వైపు తిరిగి నవ్విందో తేదీలతో సహా చెప్పగలిగిన మనిషి యుగంధర్.

ఇద్దరికీ ఒకేసారి కనపడింది. బొండం యుగంధర్ చేతికి చిక్కింది, స్ట్రా వాడి చేతికి. వాడు తన్నిన తన్నుకు యుగంధర్ డొప్పల్లో వెల్లకిలా పడ్డాడు. వాడు స్ట్రా చివర మెలితిప్పి ఫోన్‌లో గుచ్చాడు. తెర మీద అంకె పరిగెడుతోంది. అరవై శాతం. ఎనభై. తొంభై ఒకటి. మూడూ ఇరవై తొమ్మిది.

లేవడానికి టైం లేదు, తుపాకీ గెస్ట్‌హౌస్‌లో ఉంది. పొద్దుటి నుంచి నూట యాభై బొండాలు కొట్టిన చెయ్యి తనంతట తనే లేచింది. ఒక్క వేటు. తొంభై ఎనిమిది దగ్గర ఫోన్ రెండు ముక్కలై, ఒక ముక్క వాడి చేతిలో, ఒక ముక్క డొప్పల్లో మిగిలింది. వేళ్ళు మాత్రం పదీ ఉన్నాయి. గేటు కీపర్ పరిగెత్తుకొచ్చేసరికి యుగంధర్ వాడి వీపు మీద కూర్చుని తలగుడ్డతో చేతులు కడుతున్నాడు.

మూడు నలభైకి ఫలితాలు వెలువడ్డాయి. కళింగ వేఫర్‌టెక్ అమ్మకాలు ముప్పై ఎనిమిది శాతం పెరిగాయి. పుట్టాక మొదటిసారి లాభం, మూడేళ్ళకు సరిపడా ఆర్డర్లు. డయాలసిస్ మంచం మీద తారకేశ్వరరావు చప్పట్లు కొట్టబోతే చేతికి సూదులున్నాయని నర్సు కేకలేసిందట.

టెక్కలి పొలిమేరలో జగదీష్ తనూజను అరెస్టు చేశాడు. చేయడమంటే, యుగంధర్ కబురు అందిన ప్రమోదిని వాకీటాకీలో అరవగానే కారు తలుపులకు లాక్ నొక్కాడు. అతని చొక్కా అప్పుడు కూడా నలగలేదు.

సాయంత్రం ఆరింటికి గెస్ట్‌హౌస్‌లో ప్రశ్నించే అవకాశం యుగంధర్‌కి దక్కింది. ముఠా నాయకుడెవరు, మనుషులెందరు, అడగాల్సినవి పదహారు ప్రశ్నలున్నాయి. కాగితం పక్కన పెట్టి పదిహేడోది అడిగాడు.

"బొండం జగదీష్‌కి అని చెప్పి ఉంటే నాకు అనుమానమే వచ్చేది కాదు. మావకి అని ఎందుకన్నావు?"

తనూజ బేడీల చేతులతోనే జుట్టు సర్దుకుని, జీవితంలో మొదటిసారి పూర్తిగా అతని వైపే తిరిగి నవ్వింది.

"ఆడికని సెప్తే నువ్వు బొండం కొడుదువేటి బావా?"

యుగంధర్ నిజాయితీగా ఆలోచించాడు. ఎంత ఆలోచించినా కొట్టేవాడు కాదు.

రిపోర్టులో 'కుట్ర బయటపడిన విధానం' అన్న చోట అతను 'ఏజెంట్ వృత్తిపరమైన అప్రమత్తత' అని రాశాడు. ప్రమోదిని దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'కుళ్ళు' అని దిద్ది, పతకానికి సిఫార్సు చేసింది.